తుప్పుకి తలంటు

రాజమహేంద్రవరంలో మా పెరట్లో జామచెట్టు కింద ఇరవయ్యారేళ్లుగా ఒక దండెం ఉండేది. దాని మీద మా ఆవిడ వడియాల చీర ఆరబెట్టేది, గిన్నెలు బోర్లించేది, వానాకాలం కట్టెపుల్లలు దాని పొట్ట కిందకి తోసేది. ఒక కోడిపెట్ట దాని సీటు స్పాంజిలో పొదిగి పిల్లల్ని కూడా లేపింది. ఆ దండెం అసలు పేరు యెజ్డీ అనీ, 1979 మోడల్ అనీ, మా నాన్నగారు దాని మీదే రోడ్డు కం రైలు వంతెన దాటి రోజూ కొవ్వూరు వెళ్లొచ్చేవారనీ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరికీ పట్టలేదు. నిరుడు సంక్రాంతికి ముందు పాత సామాన్లవాడు కాటా పట్టుకొచ్చి, "ఇనుం రేటుకి తీసుకెళ్లిపోతానండి, తుప్పు బరువు మాత్రం తీసేస్తానండి" అంటే నేను సరేనన్నాను కూడా. తుప్పు బరువు ఎంతో తేలక బేరం ఆగింది. అంతేగానీ నా పితృభక్తి వల్ల కాదు.

పితృభక్తి ఆ తర్వాత వారానికి పుట్టింది, గోదావరి గట్టు మీద. పొద్దున్నే సుగరు కరిగించుకోవడానికి నడిచే మా బృందంలో ఒకాయన, "యెజ్డీ ఉందా మాస్టారూ మీ ఇంట్లో! లక్షకి పైనే పలుకుతోందండి ఇప్పుడు. కళ్లకద్దుకుని పట్టుకెళ్తారండి" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే నాకు నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన తెల్లచొక్కా, జేబులో ఇంకు పెన్ను, టాంకు మీద కూర్చుని గాలికి కళ్లు మూసుకున్న నేను, అన్నీ వరసగా కదిలాయి. పోయినవాళ్లని కళ్లముందు నిలబెట్టే శక్తి లక్ష అనే అంకెకి ఉందని ఆ రోజే తెలిసింది. ఇంటికొచ్చి గిన్నెలు తీసి పక్కన పెట్టి, "ఇది నాన్నగారి గుర్తు, ఎవరూ ముట్టుకోకండి" అని ప్రకటించాను. మా ఆవిడ గిన్నెలకేసీ నాకేసీ చూసి, "ఆయన గుర్తులు ఇంకా ఉన్నాయండీ. పడక్కుర్చీ గుడ్డ చిరిగి మూడేళ్లయింది. అది లక్ష పలకదు కాబోలు" అంది.

డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు గొంతు పూడుకుపోయి, "అన్నయ్యా, దాన్ని మాత్రం అమ్మకు. అది మన బాల్యంరా" అన్నాడు. బాల్యానికి ఎంత పంపిస్తావురా అని అడిగాను. సిగ్నల్ సరిగా లేదన్నాడు.

యెజ్డీ అంటే తెలియని కుర్రకారు కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. చెకోస్లొవేకియాలో పుట్టిన జావా బండిని ఇరానీ అనే పార్సీ కుటుంబం మైసూరుకి తెచ్చింది. 1961లో ఐడియల్ జావా ఫ్యాక్టరీని మైసూరు మహారాజు జయచామరాజేంద్ర వడయార్ ప్రారంభించారు. డెబ్బైల్లో ఆ బండికే యెజ్డీ అని పేరు మారింది. ఒక్కటే సిలిండరు, రెండు సైలెన్సర్లు. సంపాదించేవాడు ఒకడు, పొగ పెట్టేవాళ్లు ఇద్దరన్నమాట, అచ్చం మా ఇల్లే. ఇంకో విచిత్రం, కిక్కు కొట్టే కడ్డీ, గేరు వేసే కడ్డీ రెండూ ఒకటే. వెనక్కి తిప్పి కిక్కు కొట్టి, బండి అందుకోగానే ముందుకి తిప్పి అదే కడ్డీతో గేరు వేయాలి. ఒకే మనిషి చేత రెండు సీట్ల పని చేయించి ఇన్‌చార్జి అనే పద్ధతిని మైసూరువాళ్లు ఇనుంతో చేసి చూపించారు. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. బతికుండగా నిలబెట్టుకోలేకపోయిన ఆ పేర్లని పోయాక మళ్లీ లేపారు, 2018లో జావాని, 2022లో యెజ్డీని. అంటే ఈ జబ్బు నా ఒక్కడికే కాదు. కంపెనీలకీ ఉంది.

బండి కదలదు కాబట్టి మేస్త్రీనే ఇంటికి పిలిపించాను. తాడితోట దగ్గర ఒక సందులో ఆయన కొట్టు. కుర్రతనంలో చెయ్యి తిరిగిందే జావాల మీద. వచ్చి, బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, కడ్డీ మీద కాలు పెట్టి నొక్కాడు. అది కదల్లేదు. జామచెట్టు కదిలింది.

"ఎన్నాళ్లయిందండి దీన్నాపి?"

"ఇరవయ్యారేళ్లు."

"ఎందుకాపారండి?"

"ఏదో చిన్న రిపేరు. కండెన్సర్ పోయిందన్నారు అప్పట్లో."

"అంటే కండెన్సరు ఎయ్యలేక ఆపేశారు. ఇప్పుడు లచ్చ ఎట్టి లేపుతానంటున్నారు." ఆయన పానా తీసి సంచిలో పడేసుకున్నాడు. "ఆయ్, అలాగేనండి."

ఆ 'ఆయ్'లో ఉన్నంత తిట్టు నిఘంటువులో లేదు. నేను పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే 1999 నుంచి నాన్నగారు పోయేదాకా నాలుగైదుసార్లు అడిగారు, "ఒరే, ఆ బండిని ఒకసారి ఎవరికైనా చూపించరా" అని. ఆదివారం చూపిస్తాను నాన్నా అనేవాణ్ని. ఆయన అడగడం మానేశారు.

కొట్టుకి తోలించి చేయించుకోవచ్చు. కానీ 'ఇంట్లోనే, సొంత చేత్తో' అనడంలో ఉన్న దర్జా వేరు. పానాల సెట్టు కొన్నాను, పద్నాలుగు-పదిహేను ఏదో పన్నెండు-పదమూడు ఏదో తెలియకుండానే. విప్పిన నట్లు హార్లిక్స్ సీసాల్లో వేసి చీటీలు అంటించాను. మా ఆవిడ పోపు సామాన్ల డబ్బా అనుకుని ఒక వాషర్ని మినప్పప్పుతో పాటు నానబోసింది. ముగ్గు వేసేచోట గేర్‌బాక్స్, తులసికోట పక్కన సైలెన్సర్లు. పిస్టన్ సిలిండర్‌కి పట్టేసి అద్వైతం చెప్పింది, రెండూ వేరు కావంది. పదిహేను రోజులు డీజిల్లో నానబెడితే గానీ ద్వైతానికి దిగిరాలేదు. తీరా ఊడొచ్చాక సిలిండర్‌కి బోరింగ్ చేయించాలి, సైజు పెద్ద పిస్టన్ వేయాలి అన్నాడు మేస్త్రీ. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు మన గోదారి పెద్దలు. పుస్తెలమ్మైనా పిస్టన్ కొనాలని ఎవరూ అన్నట్టు లేదు. అయినా కొన్నాను.

టాంకు కథ వేరే చెప్పాలి. లోపల తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఉంది. ఇత్తడి బిందె చింతపండుతో మెరుస్తుంది కదా, టాంకెందుకు మెరవదు అని నాకొక ఆలోచన వచ్చింది. మా ఆవిడ ఏడాదికి సరిపడా జాడీకెత్తిన కొత్త చింతపండు, రాబోయే పులస కోసం పేరుపెట్టి దాచుకున్నది, రెండు కిలోలు పిసికి పులుసు తీసి టాంకులో పోశాను. గుప్పెడు గులకరాళ్లు కూడా వేసి ఊపాను. మూడు రోజులు నానబెట్టాను. నాలుగో రోజు వీధి వీధంతా పులుసు వాసన. పక్కింటావిడ వచ్చి, "ఏం చేపండీ" అని అడిగింది. టాంకు బోర్లిస్తే నల్లటి నీళ్లతో పాటు వెలుతురు కూడా కనపడింది. అడుగున పదకొండు చిల్లులు. ఇన్నాళ్లూ ఆ టాంకుని నిలబెట్టింది రేకు కాదు, తుప్పే. దాన్ని కడిగేసి నేను ఆధారం తీసేశాను. మన ఊళ్లో చాలా సంస్థల్ని ఎవరూ కడగడానికి ఎందుకు ముందుకు రారో నాకు అప్పుడర్థమైంది.

విడిభాగాల దగ్గరికొస్తే 'ఒరిజినల్' అనే మాటకి అర్థం మారిపోయింది. ఫ్యాక్టరీ మూతపడి మూడు దశాబ్దాలు కావస్తోంది. డబ్బా మీద మాత్రం 'ఫ్యాక్టరీ నుంచి నేరుగా' అని ఉంటుంది. ఏ ఫ్యాక్టరీ, ఎవరి నుంచి నేరుగా అని అడగకూడదు. అలా వచ్చిన క్లచ్ ప్లేట్లు వారానికే అట్టముక్కల్లా విడిపోయాయి. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "పాత బండి కదా సార్, పాత కొత్తవి అలాగే ఉంటాయి" అన్నాడు. పాత కొత్తవి! ఈ సమాసానికి విగ్రహవాక్యం చెప్పగల పండితుడు ఆర్యాపురంలో ఎవరైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.

ఇక సలహాదారులు. పాత బండి విప్పినచోటికి ఈగల కన్నా ముందు వాళ్లొస్తారు. అందులో మడికట్టుకున్న బాపతు ఒకటి. వీళ్లకి నట్టు తలకాయ మీద అచ్చు కూడా ఆ ఏడాదిదే కావాలి. "మీరు వేసిన ఇండికేటర్ 1982ది మాస్టారూ, అపచారం" అని లెంపలేసుకుంటారు. వీళ్ల బండ్లు ఎప్పుడూ స్టార్ట్ కావు, అయితే అరుగుతాయి కదా! రెండో బాపతు మా అబ్బాయి. సీటు సగానికి కోసి, మడ్‌గార్డులు పీకి, నల్లరంగు పూసి 'కెఫే రేసర్' చేద్దామన్నాడు. రాజమహేంద్రవరంలో కెఫేకి రేసు పెట్టే వెర్రివాడెవడు? పెడితే గిడితే కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్‌కి పెట్టాలి. ఆ సందుల్లో నడిచి వెళ్లేవాడే గెలుస్తాడు. మూడోవాడు పెయింటరు. చిల్లులు పూడ్పించిన టాంకుకి సొట్టలు తీయమంటే తీయలేదు, లప్పం పెట్టాడు. ఎంత పెట్టాడంటే టాంకు బరువు పెరిగింది. పైన రంగు మాత్రం అద్దంలా ఉంది, ముఖం చూసుకోవచ్చు. లప్పం కింద ఏముందో అడగవద్దు, పుష్కరాలొస్తున్నాయి, ఊరంతా ఆ పని మీదే ఉంది.

చట్టం వైపు చూద్దాం. బండికి పదిహేనేళ్ల వరకే రిజిస్ట్రేషన్, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. మాది 1994లో ఒకసారి అయింది, 1999లో మళ్లీ చేయించాల్సిన ఏడాదే కండెన్సర్ పోయింది, నా బద్ధకం రెంటికీ కలిపి సెలవిచ్చింది. ఇరవయ్యేళ్లు దాటిన ద్విచక్రవాహనానికి రెన్యువల్ రుసుమును 2025 ఆగస్టులో 2,000 రూపాయలు చేశారు. ముసలివాళ్లకి ప్రయాణాల్లో రాయితీ ఇచ్చే దేశంలో ముసలి బండికి మాత్రం వయసు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది.

పోనీ వింటేజ్ కింద పెడదామా అంటే, 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభయ్యేళ్లు నిండాలి. నాదానికి 2029 దాకా ఆ భాగ్యం లేదు. నిండాక 20,000 రూపాయలు కడితే పదేళ్ల రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు మీద 'వీఏ' అనే బిరుదు. ఆ బిరుదు వచ్చిన బండిని ప్రదర్శనకి తీసుకెళ్లొచ్చు, ర్యాలీకి తీసుకెళ్లొచ్చు, పెట్రోలుకీ మరమ్మతుకీ తీసుకెళ్లొచ్చు. రోజువారీ పనులకి తిప్పకూడదు. అంటే బంకుకి వెళ్లొచ్చు, బజారుకి వెళ్లకూడదు. పెట్రోలు పోయించుకోవడానికి వెళ్లి, ఆ వెళ్లడంలోనే పెట్రోలు తగలేసి, మళ్లీ పోయించుకోవడానికి వెళ్లొచ్చు. మా నాన్నగారు ఈ బండి మీద బియ్యం బస్తా తెచ్చారు, పురిటికొచ్చిన మా అత్తయ్యని రైలుస్టేషను నుంచి తెచ్చారు. అది నిజంగా పనిచేసిన రోజుల్లో చేసిన పనులేవీ దానికి గౌరవం వచ్చాక చేయనివ్వరు.

ఆ పెట్రోలైనా పెట్రోలా? ఇప్పుడు బంకులో పోసేదాంట్లో ఇరవై శాతం ఇథనాల్. అది తేమని పీల్చుకుంటుంది, పాత కార్బొరేటర్ రబ్బర్లని ఉబ్బిస్తుంది, రేకు టాంకులో మళ్లీ తుప్పు పుట్టిస్తుంది. ఇథనాల్ నూకలతో కూడా తీస్తారు. మన జిల్లాలోనే గోకవరం మండలం గుమ్మళ్లదొడ్డిలో అలాంటి ఫ్యాక్టరీకి 2022లో శంకుస్థాపన చేశారు. గోదావరి జిల్లా బండి కనుక చివరికి అన్నానికి అలవాటు పడింది. రోడ్డెక్కాక తినేసి మధ్యాహ్నం కునుకు కూడా తీసింది, సరిగ్గా రెండింటికి, మోరంపూడి జంక్షన్‌లో.

ఇన్ని గండాలు గడిచి జూన్ చివర్లో ఒక ఉదయం బండి అందుకుంది. మేస్త్రీ ఒకే కిక్కు కొట్టాడు. నేను అంతకుముందు మూడు రోజులుగా నూటనలభై కొట్టాను, పిక్క వాచింది. రెండు సైలెన్సర్ల నుంచీ తెల్లటి పొగ. దోమల మందు కొట్టేవాళ్లు వచ్చారనుకుని వీధిలో అందరూ తలుపులు వేసుకున్నారు. టెంకాయ కొట్టాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. మా ఆవిడ హారతిచ్చి, పళ్లెంలో డబ్బులు వేయమని చెయ్యి చాపింది. చింతపండుకట.

జూలై రెండో ఆదివారం ప్రపంచమంతా జావా, యెజ్డీ అభిమానులకి పండగ. మన ఊళ్లో కూడా పాతిక మంది గట్టు మీద చేరారు. నాకు శాలువా కప్పారు. 'వారసత్వ పరిరక్షకులు' అని మైకులో పిలిచారు. పరిరక్షకుడు! ఇరవయ్యారేళ్లు ఎండకీ వానకీ వదిలేసినవాణ్ని, వడియాలు ఆరబెట్టినవాణ్ని, కాటాకి ఎక్కించబోయినవాణ్ని! హత్య చేసినవాడే శవాన్ని ముస్తాబు చేసి తెస్తే దండేసినట్టుంది. నేను కాదనలేదు లెండి. శాలువా మంచిది, నాలుగు ఫొటోలు దిగాను.

మేస్త్రీ కూడా వచ్చాడు. వేదిక ఎక్కలేదు, ఎవరూ ఎక్కమనలేదు. గుంపు చివర తన టీవీఎస్ 50 మీద ఒక కాలు కిందపెట్టి కూర్చున్నాడు. అది 1988లో కొన్నాడు. దానికి వయసు వచ్చింది గానీ తుప్పు రాలేదు. సీటు రెండుసార్లు కుట్టించాడు, చైను ఎన్నిసార్లు మార్చాడో లెక్కలేదు. సామాన్ల సంచీ, మనవరాలి స్కూలు బ్యాగూ దాని మీదే. "ముప్పయ్యేడేళ్లు ఎలా నడుపుతున్నావయ్యా" అని అడిగితే, "ఏముందండి, సౌండు మారితే ఆరోజే విప్పి చూత్తానండి" అన్నాడు. దాన్ని ఎవరూ ఫొటో తీయలేదు. ఆగని బండికి కథ లేదు కదా. కథ కావాలంటే ముందు చంపాలి.

తల తిప్పితే ఎదురుగా హేవలాక్ వంతెన. అప్పటి మద్రాసు గవర్నరు పేరుతో మొదలై, దాదాపు వందేళ్లు రైళ్లు మోసి, 1997లో ఆగింది. యాభయ్యారు స్పాన్ల ఇనుం. అంటే నా యెజ్డీ కన్నా రెండేళ్లు ముందే జామచెట్టు కింద పడిందన్నమాట. నడకదారి చేస్తాం, పర్యాటక కేంద్రం చేస్తాం అని ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వమూ, నేను మా నాన్నగారికి చెప్పినట్టే, ఆదివారం చూపిస్తాం అంది. చివరికి 2025 జూన్‌లో పుష్కర ఘాట్‌తో కలిపి 94 కోట్ల 44 లక్షలతో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది. శాలువాలు అక్కడా కప్పి ఉంటారు. పని బాగా జరగాలనే నా కోరిక కూడా. మేస్త్రీని అడిగి లప్పం తక్కువ వాడమని మనవి.

అక్కడికి దగ్గర్లోనే 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన. కింద రైలు, పైన బస్సులు, లారీలు, కొవ్వూరు ఉద్యోగులు, అరటి గెలలు. రోజూ మోస్తోంది. 2023లో మరమ్మతుకి దాన్ని కొన్నాళ్లు మూస్తే ఊరంతా తిట్టింది. నడుస్తున్నదానికి ఆరోజే పానా వేయడమంటే ఏమిటో మనకి అలవాటు లేదు, అది అడ్డం అనిపిస్తుంది. నేనూ తిట్టాను. నాన్నగారు కొవ్వూరు వెళ్లిన వంతెన అదే.

ఇప్పుడు యెజ్డీ మా హాల్లో ఉంది, పెరట్లో అయితే తుప్పు పడుతుందని. జూలై నుంచి మొత్తం పదకొండు కిలోమీటర్లు తిరిగింది, అందులో నాలుగు తోసుకుంటూ వచ్చాను. పెట్రోలు తీసేసి టాంకు ఖాళీగా ఉంచాం. దాని హ్యాండిల్‌కి నిన్నటి నుంచి మా అబ్బాయి తడి తువ్వాలు వేలాడుతోంది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

మీ పెరట్లోనో, మెట్ల కిందో ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది. లక్ష పలుకుతుందని ఎవరైనా చెప్పేదాకా ఆగకండి. తాడితోటలో మా మేస్త్రీ పదిన్నరకి కొట్టు తీస్తాడు. మొదట ఆపిన కారణం అడుగుతాడు, తర్వాత తిడతాడు. కండెన్సర్ వేసి ఇచ్చేస్తాడు.